పెరీనా పెద్దమ్మ వేలాడదీసిన పెట్టె

మా రికార్డు వెనక అట్ట మీద నాలుగు పేర్లుంటాయి. వాయించింది ముగ్గురం. గిటారు డింకో, డ్రమ్ములు రూబెన్, బేస్ గిటారు స్టాంకో, అంటే నేను. నాలుగో పేరు మా పెద్దమ్మది, పెరీనా ఫెలాండా. ఆమె జన్మలో గిటారు ముట్టుకోలేదు. మేం వాయించేదాన్ని పాట అనడానికి కూడా ఒప్పుకునేది కాదు, అందులో ఎవరూ పాడరు కాబట్టి. మరి ఆ పేరు అక్కడెందుకుందని అడిగిన ప్రతివాళ్లకూ నలభై ఏళ్లుగా చెబుతూనే ఉన్నాను. ఆమె లేకపోతే పైనున్న మూడు పేర్లూ లేవు. నాకు కాస్త గొప్పలు చెప్పుకునే జబ్బుందని మా రేవు ఊరు సాన్ పెడ్రోలో అందరికీ తెలుసు గానీ, ఈ ఒక్క విషయంలో ఉన్నదానికంటే తక్కువే చెబుతాను.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. పదేళ్లప్పుడు సముద్రం అవతల కొమీజా అనే జాలర్ల ఊరి నుంచి ఓడెక్కి వచ్చింది. పదమూడో ఏట వలల యార్డులో చేరి, ముప్పై తొమ్మిదేళ్లు రేవు పక్కన చిన్న పీట మీద కూర్చుని చిరిగిన వలలు బాగుచేసింది. చేతిలో చెక్క సూది, ఒళ్లో వల, నోట్లో ఎవరికో ఒకరికి తగిలే మాట. ఆమె వేసిన ముడి ఎక్కడుందో వలంతా వెతికినా దొరికేది కాదు. వేరేవాళ్లు వేసిన ముడి మాత్రం ఆమెకు కళ్లు మూసుకుని తడిమినా తెలిసిపోయేది. "ఇది ఆ పక్క పీట మాందినా పని. ఇందులోంచి చేపలేంటి, పడవలే దూరిపోతాయి" అనేది. ఆ పనికి పేరు రాదు. వల నీళ్లలోకి పోతుంది, చేప పైకొస్తుంది, పొగడ్త కెప్టెన్‌కి పోతుంది. పెద్దమ్మ అదేమీ పట్టించుకునేది కాదు. చిరిగిన ప్రతి వలా తిరిగి తన ఒళ్లోకే వస్తుంది. ఆమెకు ఆ గర్వం చాలు.

పంతొమ్మిది వందల అరవై రెండు వసంతంలో అదీ పోయింది. నైలాన్ వలలు వచ్చాయి. నూలు వలల్లా కుళ్లవు, ఎండబెట్టక్కర్లేదు, మిషన్లే అల్లేస్తాయి. ఒక శుక్రవారం యార్డు మేస్త్రీ ఆమె దగ్గరికొచ్చి, "పెరీనమ్మా, సోమవారం నుంచి రావక్కర్లేదు" అన్నాడు. ఆమె సూదిని గుడ్డలో చుట్టి, ఒక దారపుండతో కలిపి చేతిసంచిలో వేసుకుని లేచింది. ఆ తర్వాత పెళ్లికి వెళ్లినా, చర్చికి వెళ్లినా అవి సంచిలోనే ఉండేవి.

"ఎందుకు పెద్దమ్మా ఇంకా మోస్తావు?" అని ఒకసారి అడిగాను.

"నీ వీపు మీద పెట్టానట్రా?" అంది.

తన చేతులతో ఇక ఎవరికీ పనిలేదన్న బాధ ఆమెను లోపల్లోపల తినేసింది. ఆమె చెప్పలేదు గానీ మాకు కనబడుతూనే ఉండేది. మా ఇంట్లో బాగానే ఉన్న కర్టెన్లు విప్పి మళ్లీ కుట్టేది.

మత్స్యకారుల సంఘం వాళ్లు జాలిపడి హాలు తాళంచెవి ఆమెకిచ్చారు. ఊడవడం, కుర్చీలు సర్దడం, పేకాడే ముసలాళ్లకు కాఫీ పెట్టడం ఆమె పని. సంఘం పెద్ద కెప్టెన్ యాకొవ్. ఆయన పోయిన మా పెదనాన్నకు అన్న, పెద్దమ్మకు బావగారు. ఇద్దరికీ క్షణం పడేది కాదు. ఒకరోజు ఎదురుపడకపోతే మాత్రం ఇద్దరికీ తోచేది కాదు. హాల్లో వేదిక పక్క గోడ మీద ఒక పాత నూలు వల పరిచినట్టు వేలాడుతుండేది. అది యాకొవ్ తండ్రి తొలి పడవది. దాని ముందు టోపీ తీయకుండా ఆయన ఎవరినీ నడవనిచ్చేవాడు కాదు.

అప్పటికి మా బ్యాండుకు రెండేళ్లు. పేరు లాంపరాస్. లాంపరా అంటే మా వాళ్లు వేసే ఒక రకం వల. మేం వాయించేది సముద్రపు అలల మీద కట్టిన గిటారు సంగీతం. తీరం పొడుగునా శనివారం వస్తే చాలు, కుర్రకారు ఇసుక కాళ్లతో హాళ్లలో చేరేవాళ్లు. వాళ్లు చేసే డాన్సులో నేర్చుకోవడానికేమీ లేదు. కుడికాలుతో రెండుసార్లు, ఎడమకాలుతో రెండుసార్లు నేలను బలంగా తొక్కడమే. మేం వాయిస్తుంటే బాగా తొక్కుతారని మాకు పేరొచ్చింది. ఆ పేరు విని వెండెల్ క్రౌచ్ అనే ఆయన వచ్చాడు. రికార్డులేసే చిన్న కంపెనీ ఆయనది.

"గిటారు బాగుంది. బాగా గిటారు వాయించేవాళ్లు నా దగ్గర డజనుమంది ఉన్నారు" అన్నాడు. "నాకు ఆ కాళ్ల చప్పుడు కావాలి. స్టూడియోలో అది రాదు. డాన్సు జరుగుతుండగానే ఆల్బం మొత్తం ఒక్క మధ్యాహ్నంలో పట్టేద్దాం. చెక్కనేల ఉన్న హాలు చూసుకోండి. ఈ ఆదివారం కుదరకపోతే మళ్లీ రాను, ఆ పై ఆదివారం రెడోండో ఊరి బ్యాండు కుర్రాళ్లున్నారు."

మాకు తెలిసిన చెక్కనేల ఒక్కటే. పెద్దమ్మ మమ్మల్ని వెంటబెట్టుకుని సంఘం వాళ్ల పేకాట బల్ల దగ్గరికి వెళ్లింది.

"మూడొందలమంది తొక్కితే నా నేల ఏమైపోవాలి?" అన్నాడు కెప్టెన్ యాకొవ్, పేకముక్కల మీంచి తలెత్తకుండా. "అయినా వీళ్లకి సముద్రం మీద సంగీతమేంటి? ఈ డింకో నా పడవెక్కి రేవు దాటకముందే కక్కాడు."

"కక్కుతూ కూడా చేతిలో పని ఆపలేదు, అది చెప్పరేం బావగారూ?" అంది పెద్దమ్మ. "వీళ్లు పొద్దున్నించి సాయంత్రం దాకా ఒకే ముక్కని వాయిస్తారు. తప్పొస్తే మొత్తం విప్పి మళ్లీ మొదలెడతారు. అది పాటో కాదో నాకు తెలీదు. పని మాత్రం నాకు తెలుసు."

"మధ్యలో వదిలేసి పోతారు."

"పోరు."

"పోతే?"

పెద్దమ్మ తాళంచెవి తీసి ఆయన ముక్కల పక్కన పెట్టింది. "రికార్డు పూర్తికాకపోయినా, నేలలో ఒక్క పలక విరిగినా దీన్ని మళ్లీ అడగను."

యార్డు పోయాక ఆమెకు పొద్దున్నే లేచి వెళ్లడానికి మిగిలిన చోటు ఆ హాలొక్కటే. యాకొవ్ తాళంచెవిని ఒక వేలితో ఆమె వైపు నెట్టి, "ఆదివారం సాయంత్రం దాకా నీ దగ్గరే ఉంచుకో" అన్నాడు.

అరవై మూడు, జూన్ నెల రెండో ఆదివారం. రెండింటికల్లా హాలు నిండిపోయింది. క్రౌచ్ టేపు మిషను తెచ్చి కాఫీ బల్ల పక్కన పెట్టుకున్నాడు. ఆరింటికి చర్చివాళ్ల భోజనాలున్నాయి, ఐదున్నరకల్లా ఖాళీ చేయాలి. ముసలాళ్లు పేకాట మానేసి గోడవారగా వరసగా కూర్చున్నారు, చూడ్డానికి కాదు, నేలకు కాపలాకి.

మా సంగీతంలో ప్రాణమంతా ఒక పెట్టెలో ఉండేది. చెక్కపెట్టె, లోపల పొడుగాటి ఉక్కు స్ప్రింగులు. గిటారు శబ్దం ఆ స్ప్రింగుల్లోంచి పోయి, గుహలోంచి అల వెనక్కొచ్చినట్టు బయటికొస్తుంది. అది లేకపోతే మేం లేము. దాంతో ఒకటే చిక్కు, పెట్టె కదలకూడదు. కదిలితే స్ప్రింగులు ఒకదానికొకటి కొట్టుకుని పిడుగు పడ్డట్టు మోగుతాయి. మామూలు డాన్సులో అక్కడొకటీ ఇక్కడొకటీ మోగినా ఎవరూ పట్టించుకోరు. టేపు వినేవాడికి మాత్రం అది తప్పు.

మొదటి పాట మొదలెట్టాం. మూడొందలమంది కుడికాలు దించారు. పెట్టె ఫెళ్లుమంది. ఎడమకాలు దించారు. మళ్లీ ఫెళ్లుమంది. క్రౌచ్ చెయ్యెత్తి ఆపించాడు.

మేం జాలర్ల ఇళ్లలో పుట్టినవాళ్లం. కదిలేది కనబడితే కట్టేయడం మాకు పాలతో పాటే అబ్బింది. డింకో పెట్టెను వేదికకి నాలుగు తాళ్లతో బిగించాడు. మళ్లీ వాయించాం. ఈసారి మోత ఇంకా పెద్దగా వచ్చింది. రూబెన్ వాళ్ల నాన్న జాలరి కాదు, రైల్వేలో పనిచేస్తాడు. "కట్టడం వల్లేనేమోరా" అన్నాడు పాపం. మేం వినలేదు. కింద పరుపు వేసి, మీద ఇసుక మూటలు పెట్టి, ఎనిమిది తాళ్లతో బిగించాం. మూడోసారి ఎంత మోగిందంటే ముందు వరసలో ఒకమ్మాయి చెవులు మూసుకుంది. గోడవార ముసలాళ్లు నవ్వడం మొదలెట్టారు.

క్రౌచ్ గడియారం చూశాడు. మూడు దాటింది. "నేల మీదున్నదేదైనా ఊగుతుంది. కాళ్లాపేస్తే రికార్డు చేయొచ్చు. కాళ్లాపేస్తే నాకు రికార్డు అక్కర్లేదు" అని వైర్లు చుట్టడానికి వంగాడు. యాకొవ్ పెద్దమ్మ వైపు చూసి తాళంచెవి కోసం అరచేయి చాచాడు, అంతే.

పెద్దమ్మ కాఫీ కెటిల్ కింద పెట్టి, చేతులు తుడుచుకుని, గుంపును మోచేతుల్తో నెట్టుకుంటూ వేదికెక్కింది. ఎనిమిది తాళ్ల కింద నలిగిపోయిన పెట్టెను చూసింది.

"ఎవడ్రా ఇలా బిగించింది?"

"నేనే అత్తా" అన్నాడు డింకో.

"మీ నాన్న పడవలో గుడ్లు ఎక్కడ పెడతార్రా?"

డింకో తెల్లమొహం వేశాడు. నాకు మాత్రం తెలుసు. ఎంత పెద్ద అలలొచ్చినా పగలకుండా గుడ్లను వంటగది దూలానికి వలసంచిలో వేలాడదీస్తారు. పడవ ఎటు ఊగినా సంచి తన మానాన తాను ఉంటుంది.

"గుడ్లని ఎవడైనా తాళ్లేసి బిగిస్తాడట్రా? వదిలెయ్యాలి" అంది పెద్దమ్మ. "విప్పండి అన్నీ."

"వల కావాలిగా పెద్దమ్మా" అన్నాను. "నైలాన్‌ది తెమ్మంటావా రేవు నుంచి?"

"నైలాన్ గట్టిగా బిగుసుకుంటుంది. నాకు మెత్తటి నూలు కావాలి." హాలంతా ఒకసారి చూసింది. తర్వాత రొట్టెలు కోసే కత్తి పట్టుకుని గోడ దగ్గరికి నడిచింది. ఏం చేయబోతోందో నాకు అర్థమయ్యేలోపే యాకొవ్ తండ్రి వలలోంచి బల్లంత ముక్క కోసేసింది.

యాకొవ్ లేచి నిలబడ్డాడు. మొహం బీట్‌రూట్ రంగులోకి మారింది.

"అది మా నాన్న వల."

"పడవ ఆయనది" అంది పెద్దమ్మ, వెనక్కి తిరక్కుండానే. "ఈ మూల రెండుసార్లు సొరచేప చింపితే రెండుసార్లూ అల్లింది నేను. నేను అల్లిన వరకే కోసుకున్నా. నమ్మకపోతే వచ్చి ముడులు చూస్కోండి."

ఆయన నిజంగానే వచ్చాడు. కళ్లజోడు పెట్టుకుని, కోసిన అంచు పొడుగునా వేలితో తడుముతూ చూశాడు. ఒక్క దారం కూడా అటు వైపు దాటలేదు. ఆయన కళ్లజోడు తీసి, వెళ్లి కూర్చున్నాడు.

పెద్దమ్మ వేదిక అంచున కూర్చుని, సంచిలోంచి సూది తీసింది. ఏడాది తర్వాత ఆ చేతుల్లో సూది ఆడటం చూశాను. వలముక్క నాలుగు అంచుల్నీ దగ్గరికి లాగుతూ, వల కన్నుకి కన్ను కలుపుతూ పోయింది. మూడొందలమంది కుర్రకారు నేల మీద చతికిలబడి ఆమెనే చూస్తున్నారు. రూబెన్ ఆమె చెప్పినట్టు కారులోంచి స్పేర్ చక్రం ట్యూబు తెచ్చి కోసిచ్చాడు. క్రిస్మస్‌కి నక్షత్రం కట్టే కొక్కెం పైన దూలానికి ఉంది. దానికి ముందు ట్యూబు ముక్క, దాని కింద వల, వలలో పెట్టె. అది ఊయల్లా తిరగకుండా అడుగున, వలలకి కట్టే సీసపు గుండ్లు నాలుగు కట్టింది. పెట్టె వేదికకి రెండడుగుల ఎత్తున, దేనికీ తగలకుండా నిలబడింది. డింకో అలవాటు కొద్దీ కింద మూల ఒకటి కట్టబోయాడు. పెద్దమ్మ వాడి చేతి మీద సూదితో కొట్టింది.

నాలుగింటికి మళ్లీ మొదలెట్టాం. నేను బేస్ మీదున్నానే గానీ నా కళ్లు పెట్టె మీదే ఉన్నాయి. మూడొందల కాళ్లు దిగాయి. నేల దడదడలాడింది. కిటికీ అద్దాలు ఊగాయి. పెట్టె ఊరికే అలా వేలాడుతోంది. డింకో గిటారు అందులోంచి పోయి, తడిసి, మెరిసి బయటికొచ్చింది. కింద కాళ్లు, పైన గిటారు, మధ్యలో పిడుగుల్లేవు. క్రౌచ్ చెవులకి అదిమి పెట్టుకున్న హెడ్‌ఫోన్లతో మా వైపు చూసి ఒక్కసారి తలూపాడు. అంత గర్వం నాకు నా పెళ్లిరోజున కూడా కలగలేదు. ఈ మాట మా ఆవిడకు తెలుసు.

గంటన్నరలో పదకొండు పాటలు పట్టాం. రెండోవైపు చివరి పాట మీరు వింటే, సరిగ్గా చివర్లో గిటారు ఆగకముందు ఒక 'ఫట్' వినబడుతుంది. చాలామంది అది రూబెన్ డ్రమ్ము అనుకుంటారు. కాదు. గోడవార కూర్చున్న కెప్టెన్ యాకొవ్ ఏడో పాటకి బూటు కదపడం మొదలెట్టి, తొమ్మిదో పాటకి లేచి నిలబడి, పదకొండో పాటకి రెండు కాళ్లతో తొక్కి, తన కిందున్న పలక విరగ్గొట్టాడు. చీలమండ దాకా కాలు దిగబడిపోయింది.

మేం పైకి లాగాం. హాలంతా ఆయన్నీ పెద్దమ్మనీ మార్చి మార్చి చూస్తోంది.

"ఆ పలక ఎప్పుడో పుచ్చిపోయింది" అన్నాడు యాకొవ్, ప్యాంటు దులుపుకుంటూ.

"పోయిన నెలే కొత్తది వేయించాను బావగారూ" అంది పెద్దమ్మ. తాళంచెవి తీసి చాచింది. "మాటంటే మాటే. ఒక్క పలక అన్నాను."

యాకొవ్ తాళంచెవి వైపు చూశాడు. గోడ మీద కోసిన వల వైపు చూశాడు. పైన వేలాడుతున్న పెట్టె వైపు చూశాడు. "నేను తొక్కింది లెక్కలోకి రాదు. నేను నేల యజమానిని" అన్నాడు. "ఆరింటికి భోజనాలు. కాఫీ పెట్టకుండా ఏం చూస్తున్నావు?"

ఆల్బం ఆగస్టులో వచ్చింది. 'నాలుగింటి తొక్కుడు' అని పేరు పెట్టాం. వెనక అట్ట మీద ఫొటోలో మా ముగ్గురి కంటే మధ్యలో వలలో వేలాడుతున్న పెట్టే బాగా పడింది. కింద పేర్లు వేసేటప్పుడు, నాలుగోది ఉండాల్సిందేనని క్రౌచే పట్టుబట్టాడు. మా దగ్గర సెప్టెంబరు దాకా సాగే ఆ ఎండాకాలం చివర్లో, మా తీరాన మాన్‌హాటన్ బీచ్ నుంచి సాన్ క్లెమెంటే దాకా మా పాట మోగని కారు లేదు. మా ఇంటి పేర్లు సరిగా పలకలేని రేడియోవాళ్లు కూడా పలకడానికి తంటాలు పడ్డారు. హాలు బయట గోడ మీద ఎవరో రంగుతో మా బ్యాండు పేరు రాస్తే, యాకొవ్ చెరిపించలేదు. అక్షరాలు వంకరగా ఉన్నాయని మళ్లీ రాయించాడు.

తర్వాత ఉత్తరాలు మొదలయ్యాయి. ఐడహో నుంచి, ఒసాకా నుంచి, ఫిన్లాండ్ నుంచి. బ్యాండ్లు పెట్టుకున్న కుర్రాళ్లందరి గోడూ ఒకటే, చెక్కనేల, తొక్కుడు, పిడుగులు. ఆ వల ఏ కంపెనీది, ఎక్కడ దొరుకుతుంది అని అడిగేవాళ్లు. నేను చదివి వినిపిస్తే పెద్దమ్మ జవాబు చెప్పేది. పెట్టె పొడవెంత, వెడల్పెంత, పైన దూలముందా లేదా, నేల చెక్కదా సిమెంటుదా. "సిమెంటైతే వాళ్లకు నేనక్కర్లేదని రాయి. అబద్ధమాడి వల అంటగట్టను" అనేది. ఎవరి పెట్టె కొలతకి వాళ్లది అల్లి పంపేది. అన్నీ నూలువే. ఎన్ని పంపిందో నేను లెక్కపెట్టలేదు, ఆమె పెట్టనివ్వలేదు.

మా సంగీతం రోజులు త్వరగానే అయిపోయాయి. మరుసటేడు సముద్రం అవతల నుంచి పొడుగు జుట్టు కుర్రాళ్లొచ్చారు, నోరు తెరిచి పాడేవాళ్లు. అమ్మాయిలు అటు పరిగెత్తారు. డింకో కరెంటు ఆఫీసులో చేరాడు, రూబెన్ రైల్వేలో వాళ్ల నాన్న దగ్గరికే పోయాడు, నేను రేవులో సరుకులు దించే పనిలో కుదిరాను. ఉత్తరాలు తగ్గాయి, తర్వాత ఆగిపోయాయి. పెద్దమ్మ సూది మళ్లీ గుడ్డలోకి, గుడ్డ సంచిలోకి వెళ్లిపోయింది. మళ్లీ కర్టెన్లు విప్పడం మొదలెట్టింది.

డెబ్బై నాలుగులో ఒక శనివారం పొద్దున హాలు అడ్రసుకి ఒక పొట్లం వచ్చింది. ఫిన్లాండ్ నుంచి, తాంపెరె అనే ఊరిది. పైన పెద్దమ్మ పేరుంది. నేను విప్పాను. లోపల నల్లగా మాసిపోయిన నూలు వలసంచి. ఒక వైపు ఆరు వలకళ్లు తెగిపోయి ఉన్నాయి. ఉత్తరం చదివి వినిపించాను.

"అమ్మా, పదకొండేళ్లుగా దీంట్లోనే మా పెట్టె వేలాడుతోంది. ఇప్పటికీ ప్రతి శనివారం వాయిస్తున్నాం. మా ఊళ్లో వలలు చేసే ఆయనొకడు బాగుచేయబోయాడు గానీ రెండు రోజుల్లో ఊడిపోయింది. కొత్తది వద్దు. మాకు ఇదే కావాలి. దయచేసి బాగుచేసి పంపండి."

పెద్దమ్మ వలను ఒళ్లోకి తీసుకుంది. కళ్లు మూసుకుని వేళ్లతో తడుముతూ పోయింది. "ఇది నాదే" అంది. "ఇదీ నాదే." ఒకచోట వేలు ఆగింది. "ఇది ఎవడు వేశాడ్రా? దీంతో కడితే మేక కూడా నిలవదు."

తలెత్తినప్పుడు ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. పెదనాన్న పోయినప్పుడు కూడా నేనది చూడలేదు.

"వెనక్కొచ్చిందిరా స్టాంకో" అంది.

సంచిలోంచి గుడ్డ తీసి, గుడ్డలోంచి సూది తీసింది. అప్పటికి ఎనభై దాటిన యాకొవ్ పేకముక్కలతో లోపలికొచ్చి, "కాఫీ ఏదీ?" అని అడిగాడు.

"మీరే పెట్టుకోండి బావగారూ" అంది పెద్దమ్మ, కిటికీ పక్కకి పీట లాక్కుంటూ. "నాకు పనుంది."